ఏడాది బొమ్మలన్నీ పేరిస్తే జానెడు ఎత్తు

మొన్న జనవరిలో మా పాప స్కూల్లో యాన్యువల్ డే. కడపలో చలి అంటే మీకు తెలుసు కదా, సాయంత్రం ఆరు దాటినాక కాసేపు హాయిగా ఉంటుంది, అట్లాంటి సాయంత్రం గ్రౌండ్లో కుర్చీలేసి స్టేజి మీద చిన్నపిల్లల డాన్సులు మొదలుపెట్టినారు. నాకు దాహమేసి వెనకపక్క నీళ్ళ క్యాన్ల దగ్గరికి పోయినా. అక్కడ వేపచెట్టుకు ఒక తెల్ల షీటు అంటించి, దాని మీద నల్ల మార్కరుతో 'మంచినీళ్ళు' అని పెద్దగా రాసి కింద బాణం గుర్తు వేసినారు. పైన రెండు మూలలకే టేపు వేసినారేమో, గాలికి ఆ షీటు లేచి లేచి పడతా ఉంది, లేచినప్పుడల్లా వెనక ఏదో నీలం రంగు కనపడతా ఉంది. నేను పటాలు కట్టేవాణ్ణి. కాగితం వెనక రంగు కనపడితే చూడకుండా ఉండలేను. చేత్తో తిప్పి చూసినా.

పంక్చర్ అంగడి బొమ్మ.

ఆ బొమ్మ నాకు తెలుసు. అంతకు రెండు నెలల ముందు, నవంబర్ 14 బాలల దినోత్సవానికని అదే స్కూల్లో పెట్టిన ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో దాని ముందర పది నిమిషాలు నిలబడినా. మా పాప 'నాన్నా, నాది ఆ వరసలో ఉంది రా' అని చెయ్యి పట్టుకుని లాగుతా ఉన్నా కదల్లేదు. ఆరో తరగతి పిల్లోడు గీసింది. ఒక ఇనుప తొట్టి, దాంట్లో నీళ్ళు, నీళ్ళలో ముంచిన సైకిల్ ట్యూబు, ట్యూబును పట్టుకున్న రెండు చేతులు, అంతే. మనిషి మొహం లేదు, భుజాల దగ్గరే షీటు అయిపోయింది. తొట్టి పక్కన పీటేసుకుని కూచున్న పిల్లోడికి నాయన చేతులు, నీళ్ళు తప్ప ఇంకేం కనపడతాయి, వాడు చూసిందే గీసినాడు. ట్యూబుకు బొక్క పడిన తావు నుంచి బుడగలు లేస్తున్నాయి, కింద ఆవగింజంత, పైకొచ్చేకొద్దీ శనగగింజంత, నీళ్ళ మీదికొచ్చేసరికి రేగ్గాయంత. లెక్కపెట్టినా, 43 ఉన్నాయి. బుడగలకు వాడు రంగు వేయలేదు, చుట్టూరా నీలం క్రేయాన్ రుద్ది రుద్ది బుడగ ఉన్నచోట తెల్ల కాగితాన్ని అట్లే వదిలేసినాడు, ఎంత గట్టిగా రుద్దినాడంటే ఆ నీలం కొబ్బరినూనె పూసినట్టు మెరుస్తా ఉంది, షీటు వెనక్కి ఉబ్బింది. పైకి పోయేకొద్దీ బుడగ పెద్దదవుతుందని వాడికి ఎవరు చెప్పింటారు? రోజూ సాయంత్రం చూసింటాడు.

చేతుల మీద మాత్రం వేరేవాళ్ళ గీత ఉంది. నల్ల స్కెచ్ పెన్నుతో, ఎక్కడా వణకకుండా, చుట్టూరా ఔట్‌లైన్ వేసినారు. కొంచెం వంగి పక్కనుంచి చూస్తే ఆ నల్లగీత కింద పిల్లోడి పెన్సిల్ గీత తెలుస్తుంది, అది వేరే దారిలో పోతా ఉంది, బొటనవేలు ట్యూబును నొక్కిపట్టిన చోట రెండు మూడుసార్లు చెరిపి మళ్ళీ గీసినాడు, ఆ నొక్కుడు పెన్సిల్లో ఉంది, నల్లగీతలో లేదు. బుడగల్ని ఎవరూ ముట్టుకోలేదు, అదొక్కటే అదృష్టం.

ఆ షీటు వెనక 'మంచినీళ్ళు'.

నేను ఎవర్నీ తిట్టడానికి ఇది రాయడం లేదు. స్కూలు పేరు కూడా చెప్పను. సిస్టర్లు నడిపే బడి, నేను కూడా అక్కడే చదువుకున్నా, నాకు అక్షరం వచ్చింది, నలుగురిలో కూచునే మర్యాద వచ్చింది అంటే ఆ బడి వల్లే. కానీ ఆ వేపచెట్టు కాడ నిలబడినప్పటి నుంచి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది, అది చెప్పాల. పిల్లల బొమ్మలతో ఎగ్జిబిషన్ పెట్టే ప్రతి బడీ ఆ బొమ్మల్ని దాచాలి. ఒక రోజు గోడకు పెట్టి, పేరెంట్స్ ఫోటోలు తీసుకుని పోయినాక చేతికందినోళ్ళు చేతికందినట్టు వాడుకునే కాగితం కింద లెక్కేయకూడదు. రిజిస్టర్లు దాచినట్టు దాచాలి. మిగతా బడుల సంగతి ఏమో గానీ క్యాథలిక్ బడి అయితే ఇంకా ఎక్కువ దాచాలి, అది ఎందుకో చెప్తా.

మాది మూడు తరాల పటాల అంగడి. మా జేజినాయన పెట్టింది. మా అంగడి గోడకు దేవుని కడప వెంకటేశ్వరస్వామి, ఆరోగ్యమాత (మేరీమాత), పెద్ద దర్గా ఫోటో పక్కపక్కనే ఉంటాయి, మూడింటికీ ఒకటే బీడింగు, ఒకటే అద్దం. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి పోయే ఊరు మాది, కాబట్టి మాకు అదేం వింత కాదు. చిన్నప్పట్నుంచి నేను చూసిందేమంటే మనుషులు దేన్ని పటం కట్టిస్తారో దాన్ని బట్టి వాళ్ళకు ఏది పోకూడదో తెలిసిపోతుంది. పెళ్ళి ఫోటో, పోయిన పెద్దోళ్ళ ఫోటో, దేవుడు, డిగ్రీ సర్టిఫికెట్టు, లీడర్ పక్కన నిలబడి దిగిన ఫోటో. ఇన్నేళ్ళలో పిల్లలు గీసిన బొమ్మను పటం కట్టించమని వచ్చినోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో కూడా ప్రైజ్ వచ్చిందే తెస్తారు, రానిది తేరు.

ఇంగ ఎగ్జిబిషన్ సంగతి. ఆడిటోరియం అంతా తాళ్ళు కట్టి క్లిప్పులతో బొమ్మలు వేలాడదీసినారు, ఎంట్రన్స్‌లో ముగ్గు, ముగ్గు మధ్యలో దీపం, పక్కన దేవమాత స్వరూపం దగ్గర చామంతులు, నిజంగా చూడముచ్చటగా ఉంది. 1200 మంది పిల్లలున్న బడిలో 80 బొమ్మలు పెట్టినారు. ఫస్ట్ ప్రైజు నెమలికి వచ్చింది, బాగా వేసింది ఆ పాప, కానీ ఫోన్లో చూసి వేసిందని చూడంగానే తెలుస్తుంది, మా అంగడికి వచ్చే వాల్ పోస్టర్లలో అదే నెమలి, అదే మెడ వంపు. ఇంగ దాదాపు ఇరవై బొమ్మల్లో రెండు కొండల మధ్య సూర్యుడు, కింద ఏరు, ఏట్లో పడవ, ఒడ్డున గుడిసె, రెండు కొబ్బరిచెట్లు. మన పిల్లోళ్ళు పడవ ఎక్కడ చూసినారప్పా? పెన్నలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కదా ఉండేది. ఊరి పక్కనే పాలకొండలు కనపడతా ఉన్నాయి, అవి త్రికోణాల మాదిరి ఉండవు, పొడుగ్గా, పైన కోసి పెట్టినట్టు ఉంటాయి, రోజూ ఆటోలో కూచుని చూస్తా వచ్చే పిల్లలు బడికొచ్చి త్రికోణం గీస్తారు. ఎందుకంటే త్రికోణానికి మార్కులొస్తాయని ఎక్కడో నేర్చుకున్నారు.

మా పాపది కూడా ఆ త్రికోణాల్లో ఒకటి. ఏడో తరగతి. దానికి బొమ్మలంటే ప్రాణం, ఇంట్లో కూచుంటే మా అమ్మ వక్కాకు నమిలేటప్పుడు దవడ ఎట్ల కదుల్తాదో గీస్తుంది, మా జేజి వాడిన రోటి పగులు గీస్తుంది, బడికి మాత్రం సూర్యుడు. ఎందుకురా అంటే 'అవి ఎగ్జిబిషన్‌కి పనికిరావు నాన్నా' అంది.

డ్రాయింగ్ సార్‌తో నాకు బాగా పరిచయం, 'అన్నా' అంటాడు నన్ను, షీట్లు కట్ చేయించుకోవడానికి మా అంగడికే వస్తాడు. ఆ నల్ల ఔట్‌లైన్ గురించి అడిగితే దాచలేదు. 'నేనే వేసినా అన్నా, లేకపోతే దూరం నుంచి కనపడదు, పేరెంట్స్ వచ్చి ఇదేం బొమ్మ సార్ అంటారు' అన్నాడు. ఆయన మంచోడు. ఆరు నుంచి పది దాకా అన్ని సెక్షన్లకూ ఒక్కడే సారు, వారానికి ఒక పీరియడ్, అదీ పరీక్షలు దగ్గర పడితే లెక్కల సారుకో సైన్సు మేడముకో పోతుంది. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళల్ని తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచమని చెప్పింది, అది వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఎన్ని బడుల్లో టైంటేబుల్లో ఉన్న డ్రాయింగ్ పీరియడ్ నిజంగా జరుగుతాదో మీ పిల్లల్ని అడిగి చూడండి. అట్లాంటి పరిస్థితిలో ఎగ్జిబిషన్ అనేసరికి ఆ సారు మీద ఒక్కసారిగా బరువు పడుతుంది, అందరి ముందూ బడి పేరు నిలబెట్టాలి, కాబట్టి పిల్లోడి గీతను సరిచేస్తాడు. నేను చెప్పేదేమంటే ఆ బొమ్మ ఒక రోజుకు మాత్రమే అనుకుంటే సరిచేయబుద్ధి అవుతుంది. ఇరవై ఏళ్ళు ఉంటుంది, రేపు ఆ పిల్లోడే పెద్దోడై వచ్చి తీసి చూస్తాడు అనుకుంటే ఎవరూ దాని మీద స్కెచ్ పెన్ను పెట్టరు. దాచడం మొదలుపెడితే ఆ టచప్ దానంతట అదే పోతుంది, నా నమ్మకం అది.

క్యాథలిక్ బడి అయితే ఇంకా ఎక్కువ అన్నా కదా. దానికి కారణం నాకు ఒక పెళ్ళి పనిలో తెలిసింది. నా స్నేహితుడొకడు, చిన్నప్పుడు ఒకే బెంచీ, వాళ్ళది పాత క్యాథలిక్ కుటుంబం. వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ కావాలంటే వాళ్ళ పల్లెలోని విచారణ గుడికి, అంటే ప్యారిష్ చర్చికి, ఇద్దరం పోయినాం. ఫాదర్ గారు బీరువా తెరిచి పొడుగాటి రిజిస్టర్ తీసినారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, పిల్లోడి పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ అన్నీ ఉన్నాయి. అట్లే కూచోబెట్టి కాఫీ ఇచ్చి ఇంకో పాత రిజిస్టర్ తీసి మా వాడి తండ్రి పేరు కూడా చూపించినారు. అది ఇంకు పెన్నుతో రాసింది, ఇంకు గోధుమరంగుకు తిరిగింది, కానీ ప్రతి అక్షరం తెలుస్తా ఉంది, పక్కన మార్జిన్లో ఆయన పెళ్ళి ఎప్పుడు ఎక్కడ జరిగిందో కూడా రాసి ఉంది. మా వాడు ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చానాసేపు మాట్లాడలేదు. కర్నూలు పీఠం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, 1967లో వచ్చింది, దాంట్లోనుంచి కడప పీఠం 1976లో విడిపోయింది, ఆ రిజిస్టర్ ఈ రెండు పీఠాలకంటే పాతది. పీఠాలు మారినా, ఫాదర్లు ఎంతమంది బదిలీ అయి పోయినా, ఆ పుస్తకం బీరువాలోనే ఉంది. ప్రతి విచారణా ఈ రిజిస్టర్లు పెట్టుకోవాలి, పాతవి జాగ్రత్తగా కాపాడాలి అని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టంలోనే ఉందంట. కూలికి పోయే ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు కూడా పోకూడదు అనుకున్నోళ్ళు వీళ్ళు. అదే ప్రేమ ఆ బిడ్డ పదకొండో ఏట గీసిన గీత మీద కూడా ఉండాలి కదా.

ఇంకొకటి. క్యాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి వెలువరించిన పత్రంలో కళల మీద ఒక అధ్యాయమే ఉంది. శ్రీసభ ఏ ఒక్క శైలినీ ఇదే నాది అని పట్టుకోలేదు, ఏ కాలం వాళ్ళది ఆ కాలానికి, ఏ జనానిది ఆ జనానికి చోటిచ్చింది అని దాంట్లో చెప్పినారు. పవిత్రమైన వస్తువులు, విలువైన కళాఖండాలు అమ్ముడుపోకుండా, చెల్లాచెదురు కాకుండా మేత్రాణులు (బిషప్పులు) జాగ్రత్తగా చూసుకోవాలి అని కూడా ఉంది. అది గుళ్ళో వస్తువుల గురించి, బడి పిల్లల క్రేయాన్ బొమ్మల గురించి కాదు, నాకు తెలుసు. అయినా నేను అడిగేది, పిల్లల్ని నా దగ్గరికి రానియ్యండి అని చెప్పిన ప్రభువు పేరు మీద నడిచే బడిలో పిల్లోడి చేతిపని విలువైనది కాకపోతే ఇంకేది విలువైనది? యేసు సిలువ మోసిన దారిని చూపే సిలువమార్గం పటాలు 14 ఉంటాయి దాదాపు ప్రతి క్యాథలిక్ గుడిలోనూ, వాటిలో చాలా వాటికి మేమే ఫ్రేములు మార్చినాం, ఒక్కదానికి చెద పడితే ఫాదర్ గారు ఎంత కంగారు పడతారో నేను చూసినా. ఆ కంగారు నాకు ఇక్కడ కూడా కావాల.

పిల్లల బొమ్మలు దాచి ఏం చేస్తారు అని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెప్తా. రష్యాలో నొవ్‌గొరోద్ అని ఒక పాత ఊరుంది. అక్కడ 1956లో తవ్వకాల్లో చెట్టు బెరడు ముక్కలు దొరికినాయి, మన భూర్జపత్రాల మాదిరివే. వాటి మీద ఓన్‌ఫీమ్ అనే పిల్లోడు అక్షరాలు దిద్దినాడు, అక్షరాలు విసుగు పుట్టినప్పుడు బొమ్మలు గీసినాడు. ఆరేడేళ్ళ వయసుంటుందంటారు, 13వ శతాబ్దం నాటి పిల్లోడు. గుర్రమెక్కి శత్రువును పొడుస్తున్నట్టు గీసుకుని పక్కన తన పేరు రాసుకున్నాడు, ఒక వింత జంతువును గీసి 'నేను అడవి మృగాన్ని' అని రాసినాడు. మనుషుల చేతులకు వేళ్ళు ఒకచోట మూడు, ఇంకోచోట అంతకంటే ఎక్కువ, దంతెల మాదిరి ఉంటాయి. అక్కడి నేల తడి బంకమట్టి, గాలి ఆడదు, అందుకని కుళ్ళకుండా 700 ఏళ్ళు ఆగినాయి. ఆ పిల్లోడి గురించి ఇంకే వివరమూ లేదు, ఆ బొమ్మలే. ఫోన్లో అవి చూసినప్పుడు నాకు మా పాప రెండో తరగతి నోటుబుక్కు వెనక పేజీలు గుర్తొచ్చినాయి, అదే చెయ్యి, అదే దంతె వేళ్ళు. ఓన్‌ఫీమ్ బొమ్మలకు బురద దొరికింది. మన ఎండకూ చెదకూ దాచుకోకపోతే ఏదీ ఆగదు.

ఇంకో పేరు, ఫ్రీడ్ల్ డిక్కర్ బ్రాండైస్. ఆమె డ్రాయింగ్ టీచర్. నాజీలు యూదుల్ని ప్రాగ్ దగ్గర టెరెజిన్‌లో బంధించినప్పుడు ఆమె కూడా 1942 డిసెంబర్లో అక్కడికి పోయింది, అక్కడ పిల్లలకు దొంగచాటుగా డ్రాయింగ్ నేర్పింది, ఎవరి బొమ్మ మీద వాళ్ళ చేత పేరు రాయించేది. 1944 అక్టోబర్లో ఆమెను ఆష్విట్జ్‌కు తీసుకుపోయి చంపేసినారు. పోయే ముందు దాదాపు 4,500 బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. బొమ్మలు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి ఈరోజుకూ. తిండి లేని చోట, రేపు ఉంటామో లేదో తెలియని చోట ఒక టీచరు రెండు పెట్టెలు సర్దగలిగింది. మనకు బీరువాలున్నాయి, తాళాలున్నాయి.

మన సీమ సంగతే చూసుకుందాం. ముద్దనూరు పక్క చింతకుంట గుట్టల్లో రాళ్ళ మీద ఎర్రరంగుతో గీసిన మూపురం ఎద్దులు, జింకలు ఉన్నాయి, వేల ఏళ్ళ కిందటివి. లేపాక్షి గుడి పైకప్పు మీద అచ్యుతరాయల కాలంలో వేసిన బొమ్మలు 500 ఏళ్ళు అవుతున్నా రంగు నిలబడి ఉంది, ఎర్రమన్ను, పసుపుమన్ను, సున్నం, మసి, ఇట్లాంటివే ఆ రంగులు. నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. రాయి మీద నిలిచింది, గుడి కప్పు మీద నిలిచింది, తోలు మీద నిలిచింది. బడి పిల్లోడి బొమ్మ నవంబర్ నుంచి జనవరి దాకా కూడా నిలబడలేదు.

ఇంగ నాకు ఎదురు చెప్పినోళ్ళ మాటలు. మా ఇంటావిడే మొదలు. 'అన్ని ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టినారు కదా, ఇంకెందుకు' అంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో నేను చెప్పిన ఆ పెన్సిల్ గీత కనపడదు, నేను వెతికినా. క్రేయాన్ మెరుపు కనపడదు. షీటు ఎంత పెద్దదో తెలియదు. ఫోన్ మార్చినప్పుడల్లా మనం ఎన్ని ఫోటోలు పోగొట్టుకున్నామో ఎవరికి వాళ్ళం గుర్తు చేసుకుంటే చాలు. డ్రాయింగ్ సారు 'పిల్లలకే ఇచ్చేయొచ్చు కదా అన్నా' అన్నాడు. ఇవ్వొచ్చు, అడిగిన పిల్లోడికి ఇచ్చేయాలి కూడా, వాడి బొమ్మ వాడిది. కానీ ఇంట్లో ఎంతమంది దగ్గర చోటుంది? బాడుగ ఇండ్లు, రెండేళ్ళకోసారి సామాన్లు ఎత్తుకుని మారేవాళ్ళు, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు మొదట బయటపడేది పిల్లోళ్ళ కాగితాలే. బడి ఇల్లు మారదు, అందుకే బడిని అడుగుతున్నా.

'అందరివీ ఎందుకు, మంచివి దాస్తే సరిపోదా' అని ఒక పెద్దాయన అడిగినాడు, ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ దీంట్లో నేను ఒప్పుకోను. ఏది మంచిదో ఆరోజు మనకు తెలియదు. పంక్చర్ అంగడికి కన్సోలేషన్ ప్రైజు కూడా రాలేదు, దాన్ని 80లో ఒకటిగా ఎంచుకోవడమే గొప్ప. మిగతా 1120 మంది ఏం గీసింటారు? వాళ్ళలో నాయన ఇస్త్రీ బండి గీసినోడు ఉంటాడు, ఆస్పత్రిలో పడుకున్న అవ్వను గీసిన పాప ఉంటుంది, ఏమీ గీయబుద్ధి కాక షీటంతా నల్లగా రుద్దినోడు ఉంటాడు, వాడిది అందరికంటే ముందు దాచాలి. జ్ఞానస్నానం రిజిస్టర్లో మంచి పిల్లోళ్ళ పేర్లు మాత్రమే రాస్తే అది రిజిస్టర్ అవుతుందా?

చోటు లేదు అనే మాట ఒకటుంది, అందరూ దాన్నే ముందు చెప్తారు, దానికి నా పనిలో నుంచి జవాబు చెప్తా. మంచి డ్రాయింగ్ షీటు మందం దగ్గర దగ్గర 0.2 మిల్లీమీటర్లు. 1200 మంది పిల్లలు, మనిషికి ఏడాదికి ఒకటే బొమ్మ, ఆ షీట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే 24 సెంటీమీటర్లు. అంటే ఒక జానెడు. బడి మొత్తం, ఒక ఏడాది మొత్తం, జానెడు ఎత్తు. పెద్ద షీటును నాలుగు భాగాలు చేస్తే వచ్చే 11 ఇంచీలు 15 ఇంచీల సైజు ఇస్తే చాలు, మూడడుగుల వెడల్పు బీరువాలో పక్కపక్కన రెండు దొంతర్లు పడతాయి, మధ్యలో పలచటి కాగితాలు పెట్టుకున్నా ఒక్క ఇనుప బీరువాలో పదేళ్ళ బొమ్మలు పడతాయి. ఇప్పుడు ఆఫీసు రూములో పాత ఆన్సర్ పేపర్ల మూటలకు అంతకంటే ఎక్కువ చోటు పోతా ఉంది.

ఎట్ల దాచాలో కూడా తెలుసుకుని ఉంటే మంచిది, చాలామంది మంచి మనసుతోనే పాడు చేస్తారు. లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి క్రేయాన్ కరిగి ప్లాస్టిక్కుకు అతుక్కుంటుంది, ఇంగ ఎప్పటికీ విడదీయలేం, ఎంతోమంది తల్లులు అట్ల చేయించుకుని నా దగ్గరికి తెచ్చి బాధపడినారు. సెలోటేపు బొమ్మ మీద వేయొద్దు, కొన్నేళ్ళకు ప్లాస్టిక్కు ఊడిపోయి బంక మాత్రం కాగితంలోకి ఇంకి పచ్చగా మరక పడుతుంది, అది ఎవరి వల్లా పోదు. చుట్టచుట్టి పెట్టొద్దు, పోస్టర్ కలర్ మందంగా వేసి ఉంటే విప్పినప్పుడు పెచ్చులు రాలుతుంది. న్యూస్‌పేపర్ మధ్యలో పెట్టొద్దు, న్యూస్‌పేపర్ పచ్చబడినప్పుడు పక్క కాగితాన్ని కూడా పచ్చ చేస్తుంది. స్కెచ్ పెన్ను రంగులు వెలుతురుకు పోతాయి, గులాబీరంగు అన్నిటికంటే ముందు, మన ఊరి ఎండకు కిటికీ పక్కన వేలాడదీస్తే ఒక్క వేసవికే తెలుస్తుంది. వెనకపక్క పేరు, తరగతి, ఏడాది పెన్సిల్‌తో రాయించాలి, పెన్నుతో రాస్తే ముందుకు ఊరుతుంది. పిల్లోడు ఏమనుకుని గీసినాడో వాడి మాటల్లో ఒక్క లైను రాయించగలిగితే ఇంకా మేలు. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపి కాళ్ళ కింద బండలు వేయాలి, చెద గోడ మీద నుంచే వస్తుంది. మన కడప బండలకు ఏం కరువు? కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టాలి, బొమ్మలకు తగలకూడదు. సంవత్సరానికి ఒకసారి అన్నీ తీసి గాలికి పెట్టాలి, ఆ పనికి పదో తరగతి పిల్లలు, పాత స్టూడెంట్లు చాలు. మన ఊర్లోనే 2020 నుంచి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, అక్కడి పిల్లలు వచ్చి లిస్టు రాసిపెడతామంటే ఏ బడి వద్దంటుంది?

నాకు ఎందుకింత పట్టింపు అంటే, నేనూ ఎనిమిదో తరగతిలో ఒక బొమ్మ గీసినా. మా జేజినాయన అద్దం కోసేది గీసినా. వజ్రపు కలంతో గీత గీసి, బల్ల అంచుకు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే అద్దం టక్కుమని రెండయ్యేది, ఆ ముందరి క్షణంలో ఆయన ఊపిరి బిగపట్టేవాడు, అది గీయాలని చూసినా. సిస్టర్ గారు మెచ్చుకుని మెట్ల దగ్గర బోర్డుకు పెట్టినారు, నెలరోజులు ఉంది. ఎండాకాలం సెలవుల తర్వాత వచ్చేసరికి బోర్డుకు కొత్త కాగితం అంటించి ఉంది. అడగాలని నాకు తోచలేదు, ఇప్పుడైతే అడుగుతా, అప్పుడు పదమూడేళ్ళు. జేజినాయన పోయి చాలా ఏళ్ళయింది, ఆయన అద్దం కోసేటప్పటి ఫోటో ఒక్కటి కూడా లేదు మా ఇంట్లో, పటాలు కట్టేవాళ్ళ ఇల్లు మాది. ఆయన ఊపిరి బిగపట్టింది ఎట్ల గీసినానో, అసలు గీయగలిగినానో లేదో, నా పదమూడో ఏట నా చెయ్యి ఎట్లుండేదో నాకు తెలియదు, తెలుసుకునే దారి లేదు.

యాన్యువల్ డే రోజు ప్రోగ్రాం అయిపోయి జనం పోయేదాకా నేను ఆ వేపచెట్టు కాడే ఉన్నా. ప్రిన్సిపల్ సిస్టర్ గారు అటు వస్తే షీటు తిప్పి చూపించినా. ఆమె ఈ ఏడాదే బదిలీ మీద వచ్చినారు. చాలాసేపు చూసినారు. 'అయ్యో, స్టోర్ రూములో తెల్ల షీట్లు అనుకుని తీసింటారు సార్, వాలంటీర్ పిల్లలకు చెప్పినాం' అన్నారు, మొహం చిన్నబోయింది. నేను ఆ పిల్లోడికి ఇస్తాను ఇప్పించండి అంటే తీసుకుపొమ్మన్నారు. మార్కరు ఇంకు అప్పటికే ముందుకు ఊరి 'మంచినీళ్ళు'లో సున్నా చోట నీలం నీళ్ళ మీద ఒక నల్ల చుక్క పడి ఉంది, అది 44వ బుడగ మాదిరి అనిపిస్తుంది చూస్తే.

మరుసటి వారం ఆ పిల్లోడి కోసం అడిగితే క్రిస్మస్ సెలవులప్పుడే టీసీ తీసుకుని పోయినాడంట. నాయన అంగడి ఎత్తేసి వేరే ఊరికి పోయినారంట, ఏ ఊరో క్లాస్ టీచరుకు కూడా తెలియదు. అంగడి ఉన్న చోటికి పోయి చూసినా, ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ రీచార్జ్ బంకు ఉంది. పక్కన టీ అంగడి ఆయన 'ప్రొద్దుటూరు అనుకుంటా అన్నా' అన్నాడు, ఇంకొకాయన జమ్మలమడుగు అన్నాడు. ప్రొద్దుటూరులో మాకు అద్దాలు సప్లై చేసే ఆయనకు చెప్పిపెట్టినా.

టేపు మాత్రం జాగ్రత్తగా తీసినా, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి కొంచెం కొంచెంగా, ఒక గంట పట్టింది. బొమ్మను పటం కట్టలేదు, అది నాది కాదు కదా. సిస్టర్ గారికి ఈ దాచే సంగతంతా కాగితం మీద రాసిచ్చినా, షీటు సైజు, బీరువా లెక్క అన్నీ. మేనేజ్‌మెంట్‌లో మాట్లాడి జూన్‌లో బడి తెరిచేలోపు చెప్తానన్నారు. బీరువా ఖర్చు బడి మీద పడనక్కర లేదు, మా జేజినాయన అద్దాల లెక్క పుస్తకాలు పెట్టుకున్న బీరువా అంగడి వెనక ఖాళీగా ఉంది, ముందే చెప్పినా. అరలు తుడిపించి, తుప్పు గీకించి లోపల పెయింట్ వేయించినా. పెయింట్ వాసన పోయేదాకా వారం రోజులు తలుపులు తెరిచిపెట్టి, తర్వాత పై అరలో ఆ ఒక్క షీటు పెట్టినా.